ఆలయ నిర్మాత సిద్ధరామ శివయోగి

క్రీ.శ. 12వ శతాబ్దిలో కల్యాణమున వెలసిన శివశరణులలో సొన్నలిగె సిద్ధరామేశ్వరుని స్థానము ప్రత్యేకమైనది. బసవేశ్వరుడు మంత్రి. అల్లమప్రభువు విరాగి. చెన్నబసవేశ్వరుడు షట్‌స్థలజ్ఞాని. సిద్ధరాముడో, చెఱువులు త్రవ్వించి, సత్రములు నిలిపి, గుడి కట్టించిన కర్మయోగి. నేటి మహారాష్ట్రములోని షోలాపురమే నాటి సొన్నలిగె.

తండ్రి ముద్దుగౌడ, తల్లి సుగ్గలదేవి. బాల్యమున ఈ పిల్లవాడు మాటాడక, ఆటలాడక ఉండుటచే లోకులు జడుడని తలచిరి. ఒకనాడు జొన్నచేని కావలిలో ఉండగా జంగమయ్య యొకడు వచ్చి, తన పేరు మల్లయ్య అనియు, తన ఊరు శ్రీశైలమనియు చెప్పెను. బాలుడు లేత కంకులు కాల్చి ఊచబియ్యము పెట్టెను. అది తిని కడుపులో వేడి పుట్టినదని జంగమయ్య పెరుగన్నము కోరెను. బాలుడు ఇంటికి పరుగెత్తి అన్నము తెచ్చునప్పటికి జంగమయ్య లేడు. పిలిచి పిలిచి, ఏడ్చి ఏడ్చి, శ్రీశైలయాత్రకు పోవువారి వెంట అన్నపుకుండతోనే బయలుదేరెను.

యాత్రికులు అతనిని గర్భాలయమునకు కొనిపోయి, లింగమును చూపి, ఇతడే మల్లయ్య అనిరి. బాలుడు ఒప్పుకొనలేదు. తన చేతి ఊచబియ్యము తిన్నవాడు నడచువాడు, మాటాడువాడు. నేడు శ్రీశైలమునకు పోవు భక్తులు ఏనుగులు, గుఱ్ఱములు, వేటలు, శివలీలలు వరుసలుగా చెక్కిన ప్రాకారకుడ్యము చూచి ముగ్ధులగుదురు. చూడవలసినదే. కాని అది విజయనగర కాలపు పని. సిద్ధరాముడు పోయిన నాటికి అది లేదు. ఉన్నను ఆ బాలుని కన్నులకు ఆనియుండదు. అడవిలో తిరిగి తిరిగి, మల్లయ్య కానరానిచో బ్రతుకేలయని లోయ అంచున నిలిచి దూకబోవగా శివుడు చేయి పట్టి నిలిపెనని ఆయన చరిత్రము చెప్పుచున్నది. ఈ చరిత్రమును హరిహరుని మేనల్లుడగు రాఘవాంకుడు కన్నడమున కావ్యముగా రచించెను.

మరలివచ్చిన సిద్ధరాముడు సొన్నలిగెను రెండవ శ్రీశైలముగా చేయ పూనుకొనెను. కపిలసిద్ధ మల్లికార్జునునకు ఆలయము కట్టించెను. ఆ నామమే ఆయన వచనములకు ముద్రయైనది. ఊరి చుట్టును 68 లింగములను ప్రతిష్ఠించెను. వడ్డెరలను కూర్చి పెద్ద చెఱువు త్రవ్వించెను. వానలు తక్కువైన ఆ మెట్టసీమలో చెఱువనగా ఏమో సేద్యగాండ్రకు చెప్పనక్కరలేదు. గునపము పట్టినవానికి కూలియు, ఆకలిగొన్నవానికి అన్నమును దొరకెను. సొన్నలిగె పుణ్యక్షేత్రమాయెను, సిద్ధరాముని కీర్తి నాలుగు దిక్కుల ప్రాకెను.

ఆ కీర్తికాలముననే అల్లమప్రభువు అక్కడికి వచ్చెను. శూన్యసంపాదనమున ఈ ఘట్టము విస్తారముగా నున్నది. పిడుపర్తి సోమనాథుని ప్రభులింగలీల ద్వారా తెలుగువారికిని పరిచితమే. ప్రభువు చెఱువుగట్టున నిలిచి, వడ్డెరాముడెక్కడ అని పనివారిని అడిగెను. తమ గురువును ఇంత తేలికగా పిలుచుటకు వారు కోపించి రాళ్లు రువ్విరి. ఒక్క రాయియు తగులలేదు. సంగతి విని సిద్ధరాముడే వచ్చి, కోపము పట్టలేక ఫాలనేత్రమును తెఱచెను. ఆ మంట ప్రభువును అంటక ఊరిని కాల్చబోయెను. తాను కట్టిన ఊరు తన కోపమునకే ఆహుతి కానున్నదని అప్పుడు ఆయనకు తెలిసెను. ప్రభువు మంటను చల్లార్చెను.

తరువాత జరిగినది వాదము కాదు, చికిత్స. గుడి తప్పనియు చెఱువు తప్పనియు ప్రభువు అన్నట్లు కొందఱు భావింతురు. అది సరికాదు. ఆయన పట్టినది రాతిని గాని నీటిని గాని కాదు, నేను కట్టితిని అను తలంపును. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించుచున్న కాలమది. శ్రీశైలమున నడచు మల్లయ్యకై ఏడ్చినవాడు, పెద్దవాడై మల్లయ్యను స్తంభముల నడుమ నిలిపి తృప్తిపడెను. ప్రభువు ఆయనకు ఆ పాత ఏడుపును జ్ఞాపకము చేసెననవచ్చును.

సిద్ధరాముడు ప్రభువు వెంట కల్యాణమునకు పోయెను. అక్కడ మరియొక కఠినమైన ప్రశ్న ఎదురాయెను. ఆయన మహాయోగియే, కాని దేహముపై ఇష్టలింగము లేదు. స్థావరలింగములను అన్నింటిని ప్రతిష్ఠించినవాడు అంగముపై లింగము ధరింపనేల అని మొదట సందేహించెను. సొంత శిష్యకోటి గల ఆచార్యుడు, తనకంటె చిన్నవాడగు చెన్నబసవేశ్వరుని ముందు మోకరిల్లి దీక్ష గొనుట సామాన్యమా? గుడి కట్టుటకంటె ఇదే కష్టమైన పని. ఆయన దీక్ష గొనెను. అల్లమ, చెన్నబసవేశ్వరుల తరువాత శూన్యసింహాసనమును అధిష్ఠించెను. కడపట సొన్నలిగెలోనే సమాధి పొందెను.

ఆలయమును కూల్చలేదు, చెఱువు పని మానలేదు. నేడు షోలాపురమున చుట్టును నీరు, నడుమ సిద్ధేశ్వరాలయము, ఆ ఆవరణముననే శివయోగి సమాధి. కన్నులకు ఇంపైన కూర్పు. ఇప్పటి కట్టడము చాలవఱకు తరువాతి కాలములది. ప్రక్కనున్న బహమనీల కాలపు కోటలో ప్రాచీనాలయ శిథిలములు, చెక్కడపు స్తంభములు కానవచ్చును. తెలుగు నేతపనివారు వేలుగా స్థిరపడిన నగరము గనుక మనవారికి అక్కడ భాషాభేదము తోపదు.

సంక్రాంతి వేళ జరుగు గడ్డయాత్ర చూడదగినది. కుమ్మరి కన్య ఒకతె సిద్ధరాముని వరింపగోరగా, ఆయన తన యోగదండమును పెండ్లాడుమనెనని జనశ్రుతి. ఆ పెండ్లియే ఏటేట జరుగును. ఏడు నందిధ్వజములను భుజముల కెత్తుకొని భక్తులు ఊరంతయు తిరిగి 68 లింగములకు తైలాభిషేకము చేయుదురు. మరునాడు సమ్మతికట్ట వద్ద అక్షతలు పడును. కర్ణాటకమున భోవి సమాజము వారు, అనగా మన వడ్డెరలు, ఆయనను కులగురువుగా కొలుచుచున్నారు.