నేలను చదివిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఇంజనీరింగ్ విద్య కళాశాలలో ఆరంభమై, నేల మీద పూర్తవుతుంది. గణితం, కొలతలు కట్టడానికి రూపాన్నిస్తాయి. కానీ దాని కింది మట్టి, రాయి, ఇసుకల స్వభావం, వాటి మీదుగా పారే నీటి వేగం తెలిస్తేనే ఆ కట్టడం నిలుస్తుంది. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు నేటికీ భూగర్భశాస్త్రాన్ని ఒక పాఠ్యాంశంగా అభ్యసించడానికి కారణం ఇదే. ఈ సత్యాన్ని జీవితమంతా ఆచరించి చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861 సెప్టెంబర్ 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబం. మోక్షగుండం గ్రామం నుంచి పూర్వీకులు వలస వెళ్లడం వల్ల ఆ ఊరి పేరే వారి ఇంటిపేరయింది.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో విశ్వేశ్వరయ్య చదువుకు పేదరికం అడ్డు వచ్చింది. అయినా ఆయన వెనుకంజ వేయలేదు. పిల్లలకు పాఠాలు చెప్పి జీవిక గడుపుకుంటూ బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివి, 1881లో బి.ఏ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ అభ్యసించారు. 1883లో ప్రథమ శ్రేణిలో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులై, జేమ్స్ బర్క్‌లీ బహుమతిని అందుకున్నారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వంలో సహాయ ఇంజనీరుగా చేరారు.

సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీరు అందించే బాధ్యత ఆయనపై పడింది. నది నీరు బురదమయం. వడపోత కేంద్రం నిర్మించడానికి తగినంత ధనం లేదు. విశ్వేశ్వరయ్య నది గర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన నీటిని అందులోకి రప్పించారు. నది ఇసుకే వడపోత సాధనమయింది. ప్రకృతి స్వభావాన్ని గ్రహించినవాడు దానితో పోరాడనక్కరలేదని, దాని చేతనే పని చేయించుకోవచ్చని ఆ బావి నిరూపించింది.

ఆయన ప్రతిభకు గొప్ప పరీక్ష హైదరాబాదులో ఎదురయింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. వేలాది ఇండ్లు నేలమట్టమయ్యాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఐరోపా పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం ఆహ్వానించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరుకున్నారు.

వరద గాయాలు నగరంలో కనిపిస్తున్నా, దాని మూలాన్ని ఆయన నగరానికి ఎగువన వెదికారు. వర్షపాతపు లెక్కలు సేకరించారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో సుమారు 19 అంగుళాల వాన కురిసినట్లు తేలింది. సుమారు 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 తెగిపోయాయి. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, దాని కట్టా తెగుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి తెగడంతో వాన ప్రళయంగా మారింది.

కారణం తెలియగానే పరిష్కారమూ స్పష్టమయింది. నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు నిర్మించి వరదను అక్కడే నిలపాలని ఆయన సూచించారు. ఆ నివేదిక ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో శంషాబాద్ సమీపాన హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరాన్ని ముంచిన నీరే నగర ప్రజల దాహం తీర్చే మంచినీరయింది.

తరువాత ఆయన మైసూరు ప్రధాన ఇంజనీరుగా కృష్ణరాజసాగర్ నిర్మాణానికి పూనుకున్నారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. విద్యార్థి వేతనంతో చదివిన ఆయన తన తరువాతి తరాల చదువును మరువలేదు. ఆయన దివానుగా ఉన్న కాలంలోనే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో సత్కరించింది. నూరేళ్లు నిండిన ఆ కర్మయోగి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది.

మూసీ వరద వచ్చిన నూరేళ్లకు, 2008లో, శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయింది. ఒకనాడు వాన లెక్కల్లో కనిపించిన ఆ ఊరు నేడు దేశదేశాలకు తెలిసింది. పల్లెలు నగరాలవుతాయి, పొలాల మీద రహదారులు వెలుస్తాయి. కానీ నేల వాలు మారదు, నీరు తన దారి మరువదు. ఆ దారిని తెలుసుకున్న తరువాతే పునాది రాయి వేయాలన్నది విశ్వేశ్వరయ్య జీవితం నేటి విద్యార్థులకు నేర్పే పాఠం.