ఆవిరి ఇంజిన్‌ను నిలబెట్టిన కమ్మరి

రైలింజిన్ అనగానే మన పిల్లలు ఠక్కున జార్జ్ స్టీఫెన్‌సన్ పేరు చెబుతారు. ఆయనకన్నా ముందు రిచర్డ్ ట్రెవిథిక్ ఉన్నారని తెలిసినవాళ్లు తరగతికి ఒకరో ఇద్దరో ఉంటారు. కానీ ఒక యంత్రాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు, అది ఎండా వానా అనక రోజూ పనిచేసేలా నిలబెట్టడం ఇంకో ఎత్తు. బొగ్గు బండ్లు లాగే బరువైన ఇంజిన్లను అలా నిలబెట్టిన వ్యక్తి తిమోతీ హాక్‌వర్త్. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో కనిపించడం అరుదు.

హాక్‌వర్త్ 1786 డిసెంబరు 22న ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని వైలంలో పుట్టారు. టైన్ నది ఒడ్డున ఉన్న చిన్న బొగ్గు గనుల ఊరది. స్టీఫెన్‌సన్ కూడా ఐదేళ్ల ముందు అక్కడే పుట్టారు. తిమోతీ తండ్రి జాన్ ఆ గనిలో కమ్మరి మేస్త్రి. కొడుకు చదువు ఎక్కువగా ఆ కొలిమి దగ్గరే సాగింది. తండ్రి చనిపోయాక, 1807లో శిక్షణ ముగించుకుని అదే గనిలో తండ్రి స్థానంలోకి వచ్చారు.

గని యజమాని క్రిస్టఫర్ బ్లాకెట్ గుర్రాలకు బదులు ఆవిరితో బొగ్గు లాగించాలని చూస్తున్న రోజులవి. గని వ్యవహారాలు చూసే విలియం హెడ్లీ ఆధ్వర్యంలో 1813-14లో ‘పఫింగ్ బిల్లీ’ తయారైంది. దాని ఇనుప పనిలో హాక్‌వర్త్ చేయి ఉంది. అయితే ఆ ఇంజిన్ బరువుకు పోత ఇనుప పట్టాలు పుటుక్కున విరిగేవి. దాంతో నాలుగు చక్రాల ఇంజిన్‌ను ఎనిమిది చక్రాల మీదికి మార్చాల్సి వచ్చింది. సరుకు ఇంజిన్‌తో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంజిన్ తేలికైతే చక్రం పట్టా మీద జారుతుంది, బండ్లు కదలవు. బరువైతే పట్టా విరుగుతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే హాక్‌వర్త్‌కు జీవితకాలపు పనైంది.

ఆయన మెథడిస్టు భక్తుడు, ప్రార్థన సభల్లో బోధించేవారు. ఆదివారం పనిచేయనని పట్టుబట్టి వైలం గని వదిలేశారంటారు. తర్వాత వాల్‌బాటిల్ గనిలో చేరారు. కొంతకాలం న్యూకాసిల్‌లోని స్టీఫెన్‌సన్ల ఇంజిన్ల కర్మాగారాన్నీ చూసుకున్నారు. 1825లో స్టీఫెన్‌సన్ సిఫారసుతోనే స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైల్వేలో ఇంజిన్ల బాధ్యత చేపట్టి షిల్డన్‌కు మకాం మార్చారు.

ఆ ఏడాది సెప్టెంబరు 27న రైలు మార్గం ప్రారంభమైన సంబరం పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ తర్వాతి రెండేళ్ల అవస్థ అంతగా కనిపించదు. పోత ఇనుప చక్రాలు పగిలేవి. బాయిలర్లలో చాలినంత ఆవిరి పుట్టేది కాదు. దారి మధ్యలో బండి ఆపి, మళ్లీ ఆవిరి కూడేదాకా కాచుకోవాల్సి వచ్చేది. అదే పట్టాల మీద గుర్రాలూ బండ్లు లాగుతూ ఉండేవి కాబట్టి పోలిక రోజూ కళ్లముందే ఉండేది. మరమ్మతుల ఖర్చు చూసి, ఇంజిన్లు మానేసి పూర్తిగా గుర్రాలకే మళ్లుదామా అన్న ఆలోచన కంపెనీలో మొదలైంది.

షెడ్డులో ఒక విఫలమైన ఇంజిన్ ఉంది. రాబర్ట్ విల్సన్ అనే తయారీదారు చేసిన దానికి నాలుగు సిలిండర్లు ఉండేవి. అది చేసే చప్పుడును బట్టి దానికి ‘చిట్టాప్రాట్’ అని పేరు పడింది. హాక్‌వర్త్ దాని బాయిలర్‌ను ఉంచుకుని, మిగతాదంతా కొత్తగా కట్టారు. అలా 1827లో పట్టాలెక్కింది ‘రాయల్ జార్జ్’.

అందులో మూడు మార్పులు ముఖ్యం. మొదటిది చక్రాలు. ఆరు చక్రాలను కడ్డీలతో కలిపారు. సిలిండర్లు నేరుగా తిప్పేది ఒక జతనే అయినా, కడ్డీల వల్ల మూడు జతలూ కలిసి తిరుగుతాయి. ఇంజిన్ బరువు మూడు ఇరుసుల మీద పరుచుకుంటుంది కాబట్టి పట్టా మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ బరువంతా పట్టుకు పనికొస్తుంది. అటు జారదు, ఇటు విరగదు. ఇలా ఆరు చక్రాలు కడ్డీలతో కలిసిన మొదటి ఇంజిన్ ఇదేనని చరిత్రకారులు చెబుతారు.

రెండోది బాయిలర్ లోపలి గొట్టం. అంతకుముందు చాలా ఇంజిన్లలో మంట ఒక కొస నుంచి నేరుగా రెండో కొసన ఉన్న పొగగొట్టానికి పోయేది. చాలా వేడి వృథా అయ్యేది. హాక్‌వర్త్ ఆ గొట్టాన్ని రెండో కొస దాకా తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తిప్పారు. వేడి నీళ్ల మధ్య నుంచి రెండుసార్లు ప్రయాణించేది. పొయ్యి, పొగగొట్టం ఒకే వైపుకు వచ్చాయి. అందువల్ల బొగ్గు వేసే మనిషి ఒక కొసన, నడిపే మనిషి మరో కొసన నిలబడేవారు.

మూడోది మంటకు గాలి. సిలిండర్‌లో పని ముగించుకున్న ఆవిరిని పొగగొట్టంలోకి వదిలితే మంట పెరుగుతుందని ట్రెవిథిక్ 1804లోనే గమనించారు. హాక్‌వర్త్ ఆ ఆవిరిని సన్నని మూతి గల గొట్టం ద్వారా, పొగగొట్టం నడిమధ్య నుంచి జోరుగా పైకి చిమ్మించారు. ఆ జోరుకు పొయ్యిలోకి గాలి లాక్కొస్తుంది. ఇంజిన్ ఎంత కష్టపడితే మంట అంత పెరుగుతుంది. కొలిమి తిత్తి ఊదుతూ పెరిగిన మనిషికి, తనకు తానే ఊదుకునే కొలిమి దొరికింది.

ఫలితం లెక్కల్లో తేలింది. 1828లో రాయల్ జార్జ్ 22,422 టన్నుల సరుకును 20 మైళ్ల దూరం చేరవేసింది. అయిన ఖర్చు 466 పౌండ్లు. అదే పని గుర్రాలతో చేయిస్తే 998 పౌండ్లు అయ్యేది. గుర్రాలకు మళ్లే మాట అంతటితో సద్దుమణిగింది.

అదే ఏడాది జులై 1న విషాదం జరిగింది. ప్రారంభోత్సవం నాటి ఇంజిన్ ‘లోకోమోషన్’ బాయిలర్ పేలి, డ్రైవర్ జాన్ క్రీ ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇంజిన్‌నూ హాక్‌వర్త్ తిరిగి కట్టి పట్టాలెక్కించారు.

1829 అక్టోబరులో లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే రెయిన్‌హిల్‌లో పోటీ పెట్టింది. బహుమతి 500 పౌండ్లు. హాక్‌వర్త్ తన సొంత ఖర్చుతో, ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో ‘సాన్స్ పరేల్’ తయారుచేశారు. అది అనుమతించిన బరువుకన్నా సుమారు పావు టన్ను ఎక్కువ తూగింది. పొగగొట్టంలో జోరు మరీ ఎక్కువై, సగం కాలిన కోక్ బయటికి ఎగిరిపోయేది. పరుగు మధ్యలో నీటి పంపు మొరాయించి ఆగిపోయింది. గెలిచింది స్టీఫెన్‌సన్ల ‘రాకెట్’. అనేక సన్నని గొట్టాలున్న దాని బాయిలర్ నిజంగానే మేలైనది, తర్వాతి ఆవిరి ఇంజిన్లన్నీ పట్టుకున్న దారి అదే. అయితే ఆ పోటీ కొలిచింది తేలికదనాన్నీ వేగాన్నీ. హాక్‌వర్త్ చేయి తిరిగింది నెమ్మదిగా, బరువుగా లాగే పనిలో. ఓడిన సాన్స్ పరేల్‌ను ఆ రైల్వేయే కొనుక్కుంది. తర్వాత అది మరో మార్గంలో 1844 వరకు నడిచింది. ఆపైన ఒక గనిలో 1863 వరకు పనిచేసింది.

1833 నుంచి హాక్‌వర్త్ కంపెనీ ఇంజిన్లను గుత్తకు నడుపుతూనే, షిల్డన్‌లో సొంత కర్మాగారం నిర్వహించారు. 1836లో రష్యా చక్రవర్తి రైలుమార్గానికి ఒక ఇంజిన్ పంపినప్పుడు, వెంట వెళ్లినవారిలో పదహారేళ్ల కొడుకు జాన్ వెస్లీ ఉన్నాడు. మంచులో స్లెడ్జి బండ్ల మీద సాగిన ప్రయాణమది. 1838లో కెనడాలోని నోవా స్కోషియా గనులకు పంపిన ‘శాంసన్’ ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. హాక్‌వర్త్ 1850 జులై 7న, 63వ ఏట, షిల్డన్‌లోనే కన్నుమూశారు.

ఆరు చక్రాలు కలిసిన సరుకు ఇంజిన్ మాత్రం మరో శతాబ్దం పైగా బతికింది. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద గూడ్సు బండ్లు లాగిన ‘ఎస్‌జీఎస్’ ఇంజిన్లదీ అదే అమరిక. సాన్స్ పరేల్ ఇప్పుడు షిల్డన్ మ్యూజియంలో ఉంది. ఆవిరి యంత్రం పాఠం చెప్పేటప్పుడు, ఎవరు కనిపెట్టారన్న ప్రశ్న తర్వాత ఎవరు నిలబెట్టారన్న ప్రశ్న కూడా అడిగి చూడండి. పాడైన సైకిల్‌ను విప్పి, పనికొచ్చే భాగాలు ఏరి, మళ్లీ బిగించే పిల్లవాడు తరగతిలో ఉంటే, ఈ జీవితం వాడికి బాగా అర్థమవుతుంది.