గెర్టీ కోరి

గెర్టీ థెరీసా కోరి (ఆగస్టు 15, 1896 - అక్టోబరు 26, 1957) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. గ్లూకోజు అణువులు ఒకదానితో ఒకటి కూడి గ్లైకోజెన్‌గా మారే విధానాన్ని, అది తిరిగి విడిపోయే విధానాన్ని భర్త కార్ల్ కోరితో కలసి వెలికితీసింది. వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఈమె.

బాల్యము, విద్య

గెర్టీ నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ప్రాగ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. తండ్రి ఒట్టో రాడ్నిట్జ్ రసాయన శాస్త్రజ్ఞుడు, చక్కెర శుద్ధి కర్మాగారాల నిర్వాహకుడు. ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో 1920లో వైద్య పట్టా పొంది, అదే సంవత్సరం సహాధ్యాయి కార్ల్ కోరిని వివాహమాడింది. 1922లో దంపతులు అమెరికాలోని బఫెలో నగరానికి వలస వెళ్ళారు.

పరిశోధన

కండరాలలో గ్లైకోజెన్ నుండి పుట్టిన లాక్టిక్ ఆమ్లం కాలేయానికి చేరి మరల గ్లూకోజుగా మారుతుందని 1929లో వీరు ప్రతిపాదించారు. దీనినే కోరి చక్రం అంటారు. 1931లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కార్ల్‌కు ఆచార్య పదవినీ, సమాన అర్హత గల గెర్టీకి అతి తక్కువ జీతంతో సహాయక పరిశోధకురాలి ఉద్యోగాన్నీ ఇచ్చింది. ఆచార్య పదవి కొరకు ఆమె 1947 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

1936లో వీరు గ్లూకోజు-1-ఫాస్ఫేటును కనుగొన్నారు. ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము ఈ పదార్థం నుండి ఫాస్ఫేటును తొలగించి, గ్లూకోజులోని 1వ కార్బన్‌ను గొలుసు చివరి గ్లూకోజులోని 4వ కార్బన్‌తో ఆక్సిజన్ ద్వారా బంధిస్తుంది. గొలుసు మొదలవడానికి కొద్దిపాటి గ్లైకోజెన్ ముందుగా ఉండాలి. శాఖలు ఏర్పడేచోట బంధం 1, 6 కార్బన్ల నడుమ ఉంటుంది. దీనికి వేరొక ఎంజైము కావాలి. ఈ ఎంజైముల సాయంతో కోరి దంపతులు గ్లైకోజెన్‌ను పరీక్షనాళికలోనే తయారుచేశారు. అయితే జీవకణంలో ఫాస్ఫోరిలేజ్ ముఖ్యంగా గ్లైకోజెన్‌ను విడగొట్టేదే. కణంలో గొలుసును పెంచేది యూడీపీ-గ్లూకోజు అని 1957లో లూయీ లెలోయిర్ బృందం చూపింది. లెలోయిర్ అంతకుముందు కోరి దంపతుల ప్రయోగశాలలో పనిచేసినవాడే.

పిల్లల కాలేయంలో గ్లైకోజెన్ పేరుకుపోయే ఒక వంశపారంపర్య వ్యాధికి గ్లూకోజు-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము లోపమే కారణమని 1952లో కోరి దంపతులు నిరూపించారు. శాఖలను విడదీసే ఎంజైము లోపించినందున వచ్చే మరొక వ్యాధికి కోరి వ్యాధి అని పేరు.

బహుమతి, చివరి దినాలు

1947 నోబెల్ బహుమతిలో సగం కోరి దంపతులకు, మిగిలిన సగం అర్జెంటీనాకు చెందిన బెర్నార్డో హుస్సేకు లభించింది. అదే సంవత్సరం గెర్టీకి నయంకాని ఎముక మజ్జ వ్యాధి ఉన్నట్లు తేలింది. తరచు రక్తం ఎక్కించుకుంటూనే మరో పదేళ్ళు పరిశోధన కొనసాగించి, 1957లో తన స్వగృహంలో మరణించింది. వీరి ప్రయోగశాలలో పనిచేసినవారిలో ఆరుగురు తరువాత నోబెల్ బహుమతి పొందారు. 2008లో అమెరికా ఈమె గౌరవార్థం తపాలాబిళ్ళ విడుదల చేసింది. అందులోని గ్లూకోజు-1-ఫాస్ఫేటు నిర్మాణ చిత్రంలో ఒక పొరపాటు దొర్లింది.