సుప్రభాత గాయని శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి

కలియుగంలో భగవన్నామ సంకీర్తనమే తరణోపాయమని పెద్దలు నిర్ణయించారు. ఆ నామం ఒకరి నోట పలికి పదిమంది చెవిని చేరడానికి పూర్వం ఆలయ మంటపాలు, భజన మందిరాలు ఆధారంగా ఉండేవి. ఇరవయ్యవ శతాబ్దంలో వాటికి గ్రామఫోను, రేడియో తోడైనాయి. కొండకు రాలేని వృద్ధుల పడక చెంతకు సైతం స్వామివారి మేలుకొలుపును చేర్చిన భాగ్యం ఆ సాధనాలకు దక్కింది. ఆ భాగ్యానికి గళమై నిలిచిన పుణ్యశీల శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి.

1916 సెప్టెంబరు 16వ తేదీన మధురలో ఆమె జన్మించారు. తల్లి షణ్ముఖవడివు వైణికురాలు. అమ్మమ్మ అక్కమ్మాళ్ వాయులీన విదుషి. నాదమే ఆ ఇంటి సంపద. పదేండ్ల ప్రాయంలోనే ఆ బాలిక పాట గ్రామఫోను రికార్డుకు ఎక్కింది. 1940లో శ్రీ టి. సదాశివం గారితో వివాహమైంది. 1945లో తమిళంలోను, 1947లో హిందీలోను వెలువడిన 'మీరా' చలనచిత్రంలో కృష్ణభక్తురాలి పాత్ర ధరించిన పిమ్మట ఆమె నటన విరమించి సంగీతానికే అంకితమయ్యారు.

1947లో గాంధీ మహాత్ముడు తన జన్మదినానికి ఒక మీరా భజనను ఆమె నోట వినగోరినట్లు కబురు వచ్చింది. ద్రౌపది మానాన్ని, ప్రహ్లాదుని ప్రాణాన్ని, గజేంద్రుని కాపాడిన శ్రీహరిని ఆర్తితో పిలిచే భజన అది. తనకు అది అంతగా పరిచితం కాదనీ, మరొకరు పాడితే మేలనీ ఆమె వినయంతో తెలియజేశారు. ఇతరులు పాడగా వినడం కన్న ఆమె మాటగా చదివినా చాలునని మహాత్ముని ప్రత్యుత్తరం. మద్రాసు ఆకాశవాణి కేంద్రంలో రాత్రివేళ ఆ పాట రికార్డు చేసి విమానంలో ఢిల్లీకి పంపారు.

నాలుగు నెలలు గడచినాయి. 1948 జనవరి 30వ తేదీన రేడియోలో తిరువైయారు త్యాగరాజ ఆరాధనోత్సవ గానం వస్తున్నది. ఆమె ఇంట కూర్చుండి వింటున్నారు. హఠాత్తుగా మహాత్ముని మరణవార్త వెలువడింది. వెనువెంటనే ఆ భజన, ఆమె కంఠస్వరంలోనే, వినవచ్చింది. ఆర్తులను కాపాడుమని హరిని వేడిన తన పాటే శోకగీతమై తిరిగిరాగా, ఆమె తాళలేక మూర్ఛిల్లారు. కంఠం తనదే అయినా, ఆనాడు ఆ పాట దేశమంతటి దుఃఖమైంది.

1963లో ఆమె శ్రీ వేంకటేశ సుప్రభాతాన్ని రికార్డు చేశారు. మణవాళ మహామునుల శిష్యులైన ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామివారు రచించిన ఆ స్తుతి సుప్రభాత, స్తోత్ర, ప్రపత్తి, మంగళాశాసన భాగాలతో కూడినది. అర్థం గ్రహించనిదే, ఉచ్చారణ సరిచూచుకొననిదే పాడకపోవడం ఆమె నియమం. అందుచేతనే తెల్లవారుజామున ఆ రికార్డు విని పలుకు దిద్దుకొన్న గృహస్థులు ఎందరో. ఆ రికార్డుపై వచ్చే రాబడిని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేదపాఠశాలకు సమర్పించారు.

ఇచ్చిన చేతికి కూడ పరీక్ష తప్పలేదు. 1970 దశకం చివరి భాగంలో ఆ దంపతులకు ధనపు ఇబ్బందులు కలిగి, నివసించిన విశాల గృహాన్ని విడువవలసి వచ్చింది. జీవితమంతా సత్కార్యాలకై కచేరీలు చేసినవారు దానం పట్టరని అందరికీ తెలుసు. అప్పుడు దేవస్థానం కార్యనిర్వహణాధికారి శ్రీ పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారి పూనికతో స్వామివారే ఒక సేవను అప్పగించినట్లయింది. అన్నమాచార్య సంకీర్తనలు, స్తోత్రాలు ఐదు రికార్డులుగా 'బాలాజీ పంచరత్నమాల' పేరిట వెలువడినాయి. అరవై దాటిన వయస్సులో, మాతృభాష కాని తెలుగులో, కొత్త కీర్తనలను విద్యార్థినివలె ఆమె అభ్యసించారు. సహాయం రావలసిన చోట సేవ వచ్చింది; ఆమె అవసరం తీరింది, రాగిరేకులలో నిద్రించిన పదకవితా పితామహుని వాణి ఇంటింటా మేల్కొన్నది.

1997లో భర్తృవియోగం కలిగిన తరువాత ఆమె కచేరీలు మానివేశారు. 1998లో భారతరత్న పురస్కారం లభించింది. 2004 డిసెంబరు 11వ తేదీన చెన్నైలో పరమపదించారు.

దేహం కాలానికి లోబడుతుంది. స్వామికి అర్పించిన స్వరం మాత్రం నిర్మాల్యం కాదు. నేటికీ వేకువన ఆ గళం వినవచ్చిన వాకిట దీపం వెలుగుతుంది. ఇంటిల్లిపాది చేతులు తమంతట తామే జోడింపబడతాయి.