ఘంటసాల గీతాగానం

మా కమాన్‌పూరు పరిసరాలలో వేకువజామున ఏ గుడి మైకులోనో ఆ కంఠం వినవస్తే ఎవరూ తల తిప్పి చూడరు. అదే కంఠం, అవే శ్లోకాలు, పొద్దెక్కిన తరువాత ఏ వాడలోని పందిరి క్రిందనుండియో వినవచ్చినప్పుడు మాత్రం రాత్రి షిఫ్టు దిగి వచ్చే బొగ్గుగని కార్మికుడు బండి ఆపి, ఎవరు పోయినారని అడుగుతాడు. రామగుండం, గోదావరిఖని ప్రాంతమంతటా ఇదే తీరు; ఆ మాటకు వస్తే తెలుగునాట అంతటా ఇదే తీరు. ఆ కంఠం ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ఆయన కన్నుమూసి అర్ధశతాబ్ది దాటినది. సినిమాలలో ఆయన పాడిన పాటలు వేలకు వేలు. అయినను పుట్టిన యింటికీ పోయిన యింటికీ కూడ వెళ్లగలిగినది ఆయన జీవితపు తుదిలో, ఆరోగ్యం చెడిన తరువాత, సినిమాకు వెలుపల పాడిన ఒక్క గీతాగానమే.

వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతములోని చౌటపల్లిలో జన్మించినారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, భజనలలో నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ తరంగాలకు తండ్రి భుజమెక్కి ఆడిన పసివానిని జనం బాలభరతుడని ముద్దుగా పిలిచినారట. ఆ తండ్రి, కొడుకు పెద్దవాడు కాకమునుపే పోయినాడు. కొడుకును సంగీతవిద్వాంసునిగా చూడవలెనన్న కోరిక మాత్రం కొడుకుకే మిగిలిపోయినది.

ఆ కోరికను తీర్చుటకు బాలుడు వేలి ఉంగరం అమ్ముకొని ఒంటరిగా విజయనగరం చేరినాడు. చేరేసరికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాలు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతలచి ఉండుటకు చోటిచ్చినారు. తోటి విద్యార్థులు లేనిపోని నింద వేయగా ఆ చోటూ పోయినది. అప్పుడు కుర్రవానికి ఎల్లమ్మ గుడి నీడ అయినది. పట్రాయని సీతారామశాస్త్రిగారు రూకైనా పుచ్చుకొనక పాఠం చెప్పినారు గాని, అన్నం పెట్టుటకు వారూ పేదలే. కావున శిష్యుడు భుజాన జోలె తగిలించుకొని ఇల్లిల్లు తిరిగి మధుకరం ఎత్తినాడు. ఫీజు కట్టలేక తలవంచుకొని నిలిచే పిల్లవాడు తరగతిలో కనిపించినప్పుడు ఉపాధ్యాయులకు ఈ జోలె గుర్తుకు రావలె. తరువాతి కాలములో ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారే మదరాసులో ఘంటసాలకు ఏండ్ల తరబడి సహాయకులై నిలిచినారు. ఋణం ఏ దారిన తీరుతుందో చెప్పలేము.

1942లో క్విట్ ఇండియా ఉద్యమములో దిగి బళ్లారి వద్ద అలీపురం జైలులో 18 నెలలున్నారు. పిమ్మట సముద్రాల రాఘవాచార్యులుగారి ఆదరణతో మదరాసు చేరి, 1945 నాటి స్వర్గసీమతో సినిమాగొంతుక అయినారు. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్, లవకుశ: ఇక్కడినుండి కథ అందరూ ఎరిగినదే. 1970లో పద్మశ్రీ వచ్చినది. మరుసటి యేడు విదేశాలలో కచేరీలు చేసినారు.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుచుండగా గుండెనొప్పి వచ్చినది. అప్పటికే చక్కెర వ్యాధి ఉన్నది. చాలకాలం ఆసుపత్రిలో గడపి బయటపడిన మనిషికి భగవద్గీత పాడవలెనన్న సంకల్పం కలిగినది. అది ముగిసిన తరువాత సినిమాపాట మానివేయవలెననికూడ అనుకున్నారట. గాయకునికి ఊపిరే మూలధనం. అది తరిగిపోతున్న దినాలలో, పాటకన్న దీర్ఘమైన ఊపిరి కోరే పనికి పూనుకున్నారు.

ఒకనాటి 78 వేగపు రికార్డులో ఒక ప్రక్కన మూడు నాలుగు నిముషాల గానానికే చోటు. జాషువాగారి, కరుణశ్రీగారి పద్యాలను ఆ కొంచెపు చోటులోనే పాడి ఆయన పండితులను, పామరులను ఏడిపించినారు. లాంగ్‌ప్లే రికార్డు వచ్చిన తరువాత ఒక్కొక్క ప్రక్కన ఇరువది నిముషాలకు పైగా వ్యవధి దొరికినది. ఆ కాలముననే అమెరికాలో జాజ్ వాద్యకారులు ఈ వ్యవధినే ఆసరాగా గొని, రికార్డు ప్రక్క అంతయు నిండే దీర్ఘరచనలు వాయించుచుండిరి. మన గాయకుడు అదే చోటులో కురుక్షేత్రాన్ని నిలిపినాడు. గీతలోని 700 శ్లోకాలనుండి నూటికి పైచిలుకు ఏరి, రాగాలు మార్చుచు పాడి, వెంటనే తెలుగు తాత్పర్యం తన గొంతుతోనే వచనంగా చెప్పినారు. వాద్యాలు వెనుకనే ఉంటాయి. గమకం కొరకు అక్షరాన్ని నలుపరు. శ, ష, సల భేదం, ఒత్తుల బరువు ఇంత స్పష్టంగా వినిపించే రికార్డు మరొకటి ఉన్నదని నేననుకోను. సంస్కృతం ముక్క రాని ఇండ్లలో పిల్లలు శ్లోకం పలుకుట నేర్చినది ఈ గొంతువలననే.

1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో ఆయన మరణించినారు. వయస్సు 51. హెచ్.ఎం.వి. వారు ఆ రికార్డులను విడుదల చేసినది ఆ తరువాతనే. అవి తెలుగు ఇండ్లలో ఏమయినవో పాడినవాడు చూడలేదు. రికార్డులు క్యాసెట్లయినవి, క్యాసెట్లు సెల్‌ఫోనులలోకి వచ్చినవి. రెండవ అధ్యాయములో ఆత్మకు చావు లేదన్న బోధ ఉన్నది కావున దుఃఖితులకు ఓదార్పుగా పెట్టినారు. క్రమేణ అది చావుగుర్తు అయి కూర్చున్నది. ఇంట్లో పిల్లవాడు ఊరక ఆ గానం పెట్టుకుంటే, అపశకునమని పెద్దలే కసరుతున్నారు. నాకిది అన్యాయమనిపిస్తుంది. కృష్ణుడు గీత చెప్పినది శవం ప్రక్కన కాదు. విల్లు జారవిడిచి కూలబడిన బ్రతికున్న మనిషికి, లేచి తన పని చేయుమని. పాడిన మనిషికూడ అట్లు లేచి పాడినవాడే.

మా వైపు పాడె లేచినంతనే మైకు కట్టివేస్తారు. అప్పటికి ఏ మూడవ అధ్యాయమో, నాలుగవదో నడుస్తూ ఉంటుంది. పదునెనిమిదవ అధ్యాయం దాక విన్నవారు మా ఊళ్లో ఎందరున్నారో!