ఎడ్వర్డ్ వెస్టన్

సోనేపూర్ తీరంలో చేపలు తూచినా, బరంపురం బజారులో బియ్యం తూచినా కిలో ఒక్కటే కావాలి. అందుకే వర్తకుల తూకంరాళ్ళను ప్రమాణపు రాళ్ళతో సరిచూసి ముద్ర వేస్తారు. విద్యుత్తు కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. మరి వోల్టేజిని సరిచూడడానికి ప్రమాణపు రాయి ఏది? దానిని ప్రపంచానికి అందించినవాడు ఎడ్వర్డ్ వెస్టన్.

వెస్టన్ 1850లో ఇంగ్లండులో జన్మించాడు. తల్లిదండ్రుల కోరికపై వైద్యం చదివాడు. కాని అతని మనసంతా రసాయనశాస్త్రం మీద, విద్యుత్తు మీద ఉండేది. 1870లో అమెరికా వెళ్ళి, లోహపు వస్తువులకు నికెల్ పూత పూసే పనిలో కుదిరాడు. పూత చక్కగా పట్టాలంటే కరెంటు నిలకడగా రావాలి. ఆనాటి బ్యాటరీలతో అది సాధ్యం కాలేదు. అందుచేత వెస్టన్ డైనమోల నిర్మాణానికి పూనుకున్నాడు. నెవార్క్ నగరంలో కర్మాగారం స్థాపించి డైనమోలు, ఆర్క్ దీపాలు తయారుచేశాడు.

పేరు, ధనం సమకూరాయి. అయినా ఒక లోటు అతనిని బాధించింది. విద్యుత్తును కొలవడం ఆ రోజుల్లో చాలా కష్టం. ఒక్క కొలతకు సున్నితమైన గాల్వనామీటరుతో ఎంతోసేపు కుస్తీ పట్టి, ఆపైన లెక్కలు కట్టాలి. వెస్టన్ 1886లో పెద్ద కంపెనీ కొలువు వదిలి, తన సొంత ప్రయోగశాలలో ఈ పనికి కూర్చున్నాడు. ముల్లు చూసి వెంటనే విలువ చదువుకోగల మీటర్లను రూపొందించి, 1888లో వాటి తయారీకి సంస్థను నెలకొల్పాడు.

మీటరు ఎంత మంచిదైనా దానిని సరిచూసే ప్రమాణం ఉండాలి. అప్పటివరకు క్లార్క్ ఘటం ప్రమాణంగా ఉండేది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే దాని విలువ వోల్టులో వెయ్యో వంతుకు పైగా మారిపోయేది. వెస్టన్ జింకుకు బదులు కాడ్మియం వాడి, 1893లో కొత్త ఘటానికి పేటెంటు పొందాడు. దాని విలువ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.0183 వోల్టులు. ప్రమాణంగా స్వీకరించిన రకంలో డిగ్రీకి వచ్చే మార్పు వోల్టులో లక్షకు నాలుగు వంతులు మాత్రమే.

ఈ ఘటాన్ని పసిబిడ్డలా కాపాడాలి. దీని నుంచి కరెంటు లాగరాదు. పోల్చి చూడడానికే వాడాలి. వంచరాదు, కుదపరాదు. ఒకే ఉష్ణోగ్రతలో ఉంచాలి. ఒక్క ఘటాన్నే నమ్మక, కొన్నింటిని కలిపి ఉంచి ఒకదానితో ఒకటి పోల్చుతుంటే, దారి తప్పినది బయటపడుతుంది. పాత ఘటం కొని తెచ్చుకున్న ఔత్సాహికులు దానిని చాలా రోజులు కదపకుండా ఉంచి, నమ్మకమైన ప్రమాణంతో సరిచూసుకోవాలి. లోపల పాదరసం, కాడ్మియం అనే విషపదార్థాలు ఉంటాయి కనుక పగిలినదాన్ని ముట్టరాదు.

1908లో లండన్‌లో సమావేశమైన వివిధ దేశాల శాస్త్రవేత్తలు వెస్టన్ ఘటాన్ని ప్రమాణంగా ఎంచుకున్నారు. 1911 నుంచి అది అమలులోకి వచ్చింది. పేటెంటు బిగించి పట్టుకుంటే వెస్టన్‌కు లాభమే. కాని ఒకరి చేతిలో ఉన్న కొలత అందరి కొలత ఎలా అవుతుంది? అతడు తన హక్కును వదులుకున్నాడు. ఎవరైనా ఆ ఘటాన్ని తయారు చేసుకునే వీలు కలిగింది.

వెస్టన్ 1936లో మరణించాడు. 1990లో జోసెఫ్‌సన్ ఫలితంపై ఆధారపడిన కొత్త ప్రమాణం అతని ఘటం స్థానాన్ని తీసుకుంది. అయినా అతని కృషి చెరిగిపోలేదు. పాఠశాల ప్రయోగశాలలోని మీటర్ బ్రిడ్జిపై బిగించే తీగ మాంగనిన్ లేదా కాన్‌స్టంటన్. వేడికి నిరోధం అంతగా మారని ఈ మిశ్రమలోహాలు వెస్టన్ పరిశోధనల ఫలాలే.