కాటన్ దొరవారు – కార్యశుద్ధి



జీర్ణోద్ధరణ పూర్తియై, కుంభాభిషేక శుభవేళ ఈ సంచిక మీ కరకమలాలను అలంకరిస్తున్నది. కట్టడం పదికాలాలపాటు నిలువవలెనన్న పరీక్ష ఏ దశలో జరుగవలెనో తెలిపే మహనీయుని జీవితం ఒకటి మన గోదావరి తీరముననే ఉన్నది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్.

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్, 1821లో మద్రాసు చేరి ఇంజనీరుగా కొలువు ప్రారంభించారు. తంజావూరు సీమలో చోళుల నాటి కల్లణను శ్రద్ధగా పరిశీలించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్యను మన పూర్వుల వద్దనే నేర్చుకొన్నానని పిమ్మట వినయంతో అంగీకరించారు. ఆ విద్యతో 1836లో కొళ్ళిడం నదిపై ఆనకట్ట నిర్మించారు.

1832–33 నాటి నందన కరువు మన ప్రాంతాన్ని శ్మశానతుల్యం చేసినది. గోదావరి నిండుగా ప్రవహిస్తుండగానే ప్రజలు అన్నానికి అలమటించారు. కాటన్ 1844–45లో నదిని కూలంకషంగా పరిశీలించి నివేదిక సమర్పించారు. 1847లో పని ఆరంభమైనది.

ఆయన పరీక్ష మొదటి రాయి పడకముందే మొదలైనదని గమనించండి. లంకల నడుమ నది వెడల్పై, వరద వేగం తగ్గే చోటును ఎంచుకొన్నారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని పనిని నాలుగు భాగాలు చేశారు. రాయికి ధవళేశ్వరం కొండ సమీపముననే ఉన్నది. పునాదికి ఇసుకలో బావులు దింపారు. దిగువన నీటి కోత పడకుండ రాళ్ళు పరిచారు. ఒండ్రు మేటవేయునని ముందే తలచి అడుగు తూములు అమర్చారు. ఏటేటా వచ్చే వరదయే కట్టినంత భాగానికి పరీక్షాధికారి! అనారోగ్యంతో ఆయన కొంతకాలం దూరమైనప్పుడు కెప్టెన్ ఓర్ పనిని నడిపించారు. కూలీలను సమీకరించి పని చేయించుటలో వీణెం వీరన్నగారు కుడిభుజమైనారు. 1852లో ఆనకట్ట పూర్తియైనది.

1899లో కాటన్ పరమపదించారు. ఆ ఆనకట్ట శతాబ్దానికి పైగా డెల్టాకు అన్నం పెట్టినది. తరువాత కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరీ స్నాన సంకల్పంలో ఆయనను స్మరించే పండితులు నేటికీ ఉన్నారు.

దాతలారా! శిఖర కలశానికి ద్రవ్యమిచ్చువారు అనేకులు. కంటికి కనబడని పునాదికి, పరీక్షకు ఇచ్చువారు అరుదు. మన ఆగమాలు సైతం భూపరీక్ష, శిలాపరీక్ష ముగిసిన పిమ్మటనే నిర్మాణాన్ని విధించినవి. ఇకముందు ఏ కార్యానికి విరాళమిచ్చినా, ప్రతి దశలో పరీక్షించేది ఎవరని ముందుగా అడగండి. ఆ ప్రశ్న కూడ స్వామికి సమర్పించే కైంకర్యమే.

శుభం భూయాత్.